మిడ్‌ఫీల్డరు మోకాలు, మా హెప్సీ పేరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, తలుపులు వేసుకుని గొంతు తగ్గించి పాడుకునే ఈ గదిలో పది నెలలపాటు నేను పెదవులు మాత్రమే కదిపాను, లోపల ప్రార్థన లేదు, ఆ సంగతి ఈ రోజు దాచకుండా చెబుతాను.

సౌదీవాళ్ళకి ఇన్ని ఉద్యోగాలివ్వాలని ఇక్కడి సర్కారు పెట్టిన నితాఖాత్ లెక్కలో మా ఆయన కంపెనీ ఎరుపు జాబితాలో పడింది, పరాయి దేశంవాళ్ళ మీద తలకింతని కట్టే లెవీ భరించలేక మనుషుల్ని వదిలించుకుంది. ఆయన ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, దాని మీదే ఉన్న మా ఆరేళ్ళ హెప్సీ కూడా ఆయనతోపాటు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, మా ఊరు రాజోలు వెళ్ళిపోవాల్సి వచ్చింది, నా ఉద్యోగం మీద నేనొక్కదాన్నే ఇక్కడ మిగిలాను. దమ్మాం విమానాశ్రయంలో నా చున్నీ పట్టుకున్న దాని వేళ్ళు నేనే ఒక్కొక్కటీ విడదీశాను. అమ్మే తనను పంపేసిందని ఆ పసిది మనసులో పెట్టుకుంది, ఫోను చేస్తే దగ్గరికి రాదు. నేను దేవుడి మీద అలిగాను. అసలే నాకు నోరెక్కువ, అలాంటిదాన్ని ఆయనతో మాటే మానేశాను!

ఆ రోజుల్లోనే నేను నర్సుగా ఉన్న అల్ ఖోబర్ ఆసుపత్రికి ఒక రొమేనియా ఫుట్‌బాల్ ఆటగాడు వచ్చాడు. మిడ్‌ఫీల్డరు, అంటే మైదానం మధ్యలో ఉండి వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందువాళ్ళకి అందించేవాడు, గోలు కొట్టిన పేరు మాత్రం ఇంకొకరికి పోతుంది. చిన్న ఊరి జట్టులో మొదలై, తన దేశం జెర్సీ వేసుకుని, నాలుగు దేశాలు తిరిగి, చివరికి ఇక్కడి క్లబ్బులో మోకాలు దెబ్బతిని ఆట మానేశాడు. ఆపరేషన్ బాగానే జరిగింది, కానీ ఆడలేని కాలు నడిస్తే ఎంత, నడవకపోతే ఎంత అన్నట్టు గోడవైపు తిరిగి పడుకునేవాడు, అడుగు కింద పెట్టేవాడు కాదు.

ఒక ఉదయం ఆ మోకాలు రెండు చేతుల్లోకి తీసుకున్నాను. కాళ్ళ నొప్పులని ఏడ్చే హెప్సీకి రోజూ అలాగే పట్టుకుని ప్రార్థించేదాన్ని, ఆ అలవాటున నోరు దానంతటదే తెరుచుకుంది. "ప్రభువా, మా హెప్సీ మోకాలు ముట్టు తండ్రీ, నా బంగారాన్ని పరుగెత్తించు తండ్రీ!" సహోదరులారా, సిగ్గుతో చచ్చిపోయాను! ఆ ఆటగాడు వచ్చీరాని ఇంగ్లీషులో హెప్సీ ఎవరని అడిగాడు. చెప్పాను. ఆట ఆటంటూ తిరిగి తన కూతురి మొదటి అడుగులు కూడా చూడలేదని కన్నీళ్ళు పెట్టుకున్నాడు, రోజూ ఆ ప్రార్థనే చెయ్యమన్నాడు, పేరు మాత్రం మార్చొద్దన్నాడు.

అలా అలిగినదాన్ని రోజూ దేవునితో మాట్లాడక తప్పలేదు! ఆ ఆటగాడు మంచం దిగాడు, చేతికర్రతో వరండా చివరిదాకా నడిచాడు, నా గుండెలో గడ్డకట్టినదంతా కరిగిపోయింది, దేవునికే మహిమ! ఆ శుక్రవారం ఇంటికి ఫోను చేసి, హెప్సీ చెవి దగ్గర పెట్టమని వాళ్ళ నాన్నకి చెప్పి, ఇదంతా దానికి వినిపించాను.

"నా పేరు చెప్తే ఆయనకెలా తగ్గుద్దమ్మా?" అంది.

ఎన్నాళ్ళకో అమ్మా అంది! ఏమో తల్లీ, ప్రభువునే అడుగు అన్నాను. అది అప్పటికప్పుడే అడిగింది. "యేసయ్యా, ఆ మావయ్యని పరిగెత్తించు, మా అమ్మ ఏడవకుండా చూడు, ఆమెన్."

లెవీ పోలేదు, మేమింకా ఒకచోట చేరలేదు, అయినా నా బిడ్డ నాకు దొరికింది, స్తోత్రం! మీలో ఆయన మీద అలిగినవాళ్ళుంటే ఆయన్ని నమ్మండి, మీ కోసం అడగడానికి మనసు రాకపోతే పక్క మంచం మీదవాళ్ళ కోసం అడగండి, ఆయన మీ గొంతు గుర్తుపడతాడు.