కొలిమిలో ఈలలు

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ విజిలమ్మ అనేవారు. ఇంటి ముందు గదిలోనే రేకు నొక్కే చిన్న ప్రెస్సు. మామగారు మొదలుపెట్టిన ఇత్తడి విజిళ్ళ పని, భర్త పోయాక ఆవిడ మీద పడింది. రేకు కత్తిరించి అచ్చులో నొక్కడం మరిది పని. లోపల బెండు గోళీ వేసి టంకం పెట్టడం ఆవిడ పని. ఆఖర్న ప్రతి విజిలు పొట్ట మీదా ఉక్కు అచ్చుతో నక్షత్రం గుర్తు కొట్టేది. ఆ అచ్చు ఎప్పుడో కిందపడి ఒక కొమ్ము విరిగింది. అందుకని నక్షత్రానికి నాలుగే కొమ్ములు. మరిది దాన్ని కుంటి నక్షత్రం అని నవ్వేవాడు.

పని ఆవిడకి కష్టం కాదు, రేకు దొరకడమే గగనం. మిల్లులవాళ్ళు లారీ లోడుకి తక్కువైతే ఫోన్ పెట్టేసేవారు. బజార్లో డీలర్లేమో పెద్దవాళ్ళు ఏరుకోగా మిగిలిందే అంటగట్టేవారు. ఒకసారి మందం రేకు, అచ్చు విరిగేది. ఇంకోసారి పల్చన, మూతి దగ్గర చిట్లేది. ప్రెస్సు ఆగిపోయిన రోజుల్లో వదినా మరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నాలు తినేవారు.

అలాంటప్పుడు ఫోన్లో ఒకాయన తగిలాడు. "కొంచెమైనా పర్లేదమ్మా, మీకెంత కావాలంటే అంతే పంపిస్తా," అన్నాడు. మనిషిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ట్రాలీ ఆటోలో రేకు చుట్టలు చెప్పిన వేళకి దిగిపోయేవి. అంత చక్కని రేకు ఆవిడ చేతికి ఎన్నడూ రాలేదు. అచ్చు తగలగానే తనంతట తనే ఒంగినట్టుండేది.

"వదినా, దీనికి మన పని ముందే వచ్చినట్టుంది," అన్నాడు మరిది.

సరదాకే అన్నాడు. ఆవిడ మాత్రం ఆ రేకుని ఇంకోసారి తిప్పి చూసింది.

కొనేవాడు కూడా, భర్త ఉన్నప్పటినుంచీ, ఒక్కడే. సెక్యూరిటీ కంపెనీలకి బెల్టులూ టోపీలూ విజిళ్ళూ సప్లై చేసే ఏజెంటు. పెట్టెలు కట్టినవి కట్టినట్టే ఎక్కించుకుపోయేవాడు. ఎదురుగా బ్యాంకు దగ్గర కాపలావాడి మెడలో మాత్రం ప్లాస్టిక్ విజిలే కనిపించేది. ఆవిడ దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం కొత్త చుట్ట విప్పుతుంటే అంచున ఏదో మచ్చ కనిపించింది. చీర కొంగుతో తుడిచింది. పోలేదు. కళ్ళజోడు పెట్టుకుని వెలుగులోకి లాగింది. రేకులోనే కలిసిపోయి, పొడుగ్గా సాగిపోయి, ఒక నక్షత్రం. కొమ్ములు నాలుగు.

"మనమే పొరపాటున కొట్టుంటాం వదినా."

"చుట్ట ఇప్పుడేగా విప్పాం?"

మరిది వేలితో తడిమి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆటో అతను ఇంకా వాకిట్లోనే మంచినీళ్ళు తాగుతున్నాడు. ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళి అతని ఆటో ఎక్కి కూర్చుంది. "ఇవి ఎక్కణ్ణించి తెచ్చావో అక్కడికి పోనీ బాబూ."

ఊరు దాటాక ఒక రేకుల షెడ్డు. లోపల అడుగుపెట్టింది. గోడ వారన తన పెట్టెలే. తను వేసిన తాడు ముళ్ళు విప్పలేదు కూడా. కొలిమి దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఇవి ఇక్కడికెలా వచ్చాయండీ?"

"ఏజెంటు పంపిస్తాడు. కరిగిస్తే ఆయన బావమరిది రేకు తీయించి ఫోన్ మీదే అమ్ముకుంటాడు."

"కొత్తవి కదా!"

"కొత్తవే. కంపెనీల కాయితాల్లో ఇత్తడి విజిళ్ళు కొన్నట్టు ఉండాలంట. కాపలావాళ్ళకి చవకవి ఇచ్చేసి, వీటిని ఇటు తోలతారు."

"మరి వీటిని చేసేవాళ్ళు?"

పెద్దాయన పట్టకారు కింద పెట్టాడు. "చేసేవాళ్ళుంటారని నాకెప్పుడూ తట్టలేదమ్మా."

ఒక పెట్టె పగలగొట్టి కొలిమిలోని మూసలోకి ఒంపాడు. "చెవులు మూసుకో," అని గాలి కొట్టే బ్లోయర్ వేశాడు.

ముందు ఒక్క విజిలు కూసింది, సన్నగా. దాని వెనకే ఇంకోటి. చూస్తుండగానే అన్నీ అందుకున్నాయి. ఊదే నోరు ఒక్కటీ లేదు, షెడ్డంతా గోల. లోపలి బెండు గోళీలు కాలిన వాసన వచ్చింది. తర్వాత ఒక్కొక్కటే గొంతు పడిపోయాయి. ఆఖరిది మాత్రం చాలాసేపు, ఎవరినో పిలుస్తున్నట్టు, మోగుతూనే ఉంది.

"రోజూ ఇంతే," అన్నాడు పెద్దాయన. "ఇంటికెళ్ళినా చెవుల్లోంచి పోదు."

ఏజెంటు పెట్టెల కోసం వచ్చినప్పుడు ఆవిడ నిలదీసింది. అతను ఏమాత్రం తడబడలేదు. "మీకేం తక్కువైందక్కా? రేకు వస్తోంది, సరుకు పోతోంది. ఈ రోజుల్లో ఇంత సాఫీగా ఎవరికి జరుగుతోంది చెప్పండి?"

అతను చెప్పింది నిజమే.

ఇంకో రేకు లేదు కనక కొన్నాళ్ళు దానితోనే చేసింది. కానీ చేతిలోకి తీసుకున్న ప్రతి ముక్కా ఇంతకుముందు పట్టుకున్నట్టే అనిపించేది. కరిగినదాంట్లో ఆ నక్షత్రం ఎలా మిగిలింది? ఇది ఎన్నోసారి? భర్త తన చేత్తో అతికినవి కూడా ఇందులో ఉన్నాయా? ఒకరోజు టంకం పెట్టబోతూ విజిలుని బల్ల మీద పెట్టేసి, లేచి చేతులు కడుక్కుంది. ఎంత తోమినా ఇత్తడి వాసన పోలేదు. తడి చేతులతోనే ఫోన్ చేసి, "ఇక రేకు పంపొద్దు," అంది. ఏజెంటుకి సరుకు వెయ్యడం కూడా మానేసింది.

తర్వాత రోజులు సాఫీగా ఏం లేవు. గిన్నెలు చేసేవాళ్ళ దగ్గర కత్తిరింపు ముక్కలు బతిమాలి తెచ్చుకునేవారు. వంకర ముక్కలు, మందం తేడాలు. మరిది రోజంతా అచ్చుని తిడుతూనే ఉండేవాడు. ఆటల సామాను కొట్టువాడు గుప్పెడు తీసుకుంటే అదే పదివేలు.

ఆవిడ సరుకు వెయ్యడానికి వెళ్ళినప్పుడు ఆ కొట్టుకే ఒక డ్రిల్లు మాస్టారు వచ్చి గొడవపెట్టాడు. "గోళీ ఇరుక్కుందమ్మా, పిల్లలు నవ్వుతున్నారు!" ఆవిడ విజిలు తీసుకుంది. మూతి మీద పంటిగాట్లు. లోపల ఎవరిదో ఉమ్ము ఆరి తెల్లగా అంటుకుంది. అసహ్యించుకోవాల్సింది పోయి, ఎవరో నిజంగా ఊదిన ఆ విజిలుని పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయింది. "కొత్తది ఇప్పిస్తానండీ, ఇది నాకుంచండి," అంది.

గాలి గట్టిగా వీచే రోజుల్లో మాత్రం చేసిన సరుకుని గదిలో ఊరికే వదిలేసేది కాదు. వాటంతట అవే కూయకుండా ప్రతి విజిలు మూతిలోనూ గుడ్డ పీలిక కుక్కి, పెట్టెలో పెట్టి, పైన దుప్పటి కప్పేది. మరిది కూడా తోడు కూర్చుని పీలికలు చింపి ఇచ్చేవాడు.