పండుగప్ప తొడ ఎముక

పంతొమ్మిదేళ్ల వయసులో మనిషికి తెలివి బాగానే ఉంటుంది, అవసరమైనప్పుడు తప్ప. నేను మెడిసిన్ మొదటి ఏడాదిలో ఉండగా మా మేడమ్ తలా ఒక తొడ ఎముక ముక్క ఇచ్చింది. దాన్ని రాయి మీద రుద్ది, వెలుగు దూరేంత పల్చగా చేసి, గాజుపలకకు అతికించి సోమవారం ప్రాక్టికల్ పరీక్షకు తేవాలి. మైక్రోస్కోపులో రక్తనాళం పోయే సన్నటి కాలువ, దాని చుట్టూ వలయాలు, వాటి మధ్య సాలీళ్లలాంటి నల్లటి గుంటలు (కణాలు కాపురముండే గదులన్నమాట) కనిపించాలి. కనిపించకపోతే ఫెయిల్. ఫెయిలైతే ఆరు నెలలు ఇంట్లో.

ఆదివారం బోగోలు దగ్గరి మా ఊళ్లో, పెరట్లో బట్టలుతికే బండ మీద రుద్దుతుంటే అమ్మ వచ్చింది.

“ఏందబ్బయా అది?”

“ఎముకమ్మా. మనిషిది.”

“ఎవురిది?”

“పేరు చెప్పలేదమ్మా.”

ఈ సంభాషణలో పడి చెయ్యి ఆపడం మరిచాను. చూసుకుంటే బండ మీద తెల్లటి చార మాత్రం మిగిలింది. అమ్మ దాని మీద బిందెడు నీళ్లు పోసి, “పుణ్యలోకాలకు పోనీ పాపం” అని దండం పెట్టింది. నా పరీక్ష కూడా ఆ నీళ్లతోనే పోయింది.

మధ్యాహ్నం పండుగప్ప చేప పులుసు. కంచంలో చెంప ఎముక కనిపించింది. ఎముక ఎముకే కదా అని దాన్నే రుద్ది గాజుపలకకు అతికించాను (తెలివి గురించి మొదట్లోనే మనవి చేసుకున్నాను).

సోమవారం మేడమ్ నా స్లైడును చాలాసేపు చూసింది.

“ఏమయ్యా, ఇందులో ఒక్క కణం గుంటా లేదే. ఈయనది ఏ ఊరు?”

“సముద్రం పక్కన మేడమ్.”

“పక్కనా, లోపలా?”

మేడమ్ స్లైడు తీసి నా ముందు పెట్టింది.

“మాదీ సముద్రం దగ్గరే, అల్లూరు. నాకా చేప ఎముక చూపిస్తుండావు? ఇట్టాంటి చేపల ఎముకల్లో కణాలుండవయ్యా. పులుసా, వేపుడా?”

“పులుసు మేడమ్.”

ఆమె సొరుగులోంచి ఇంకో ముక్క తీసింది. “గంట టైముంది. నా ముందరే రుద్దు.”

ముందు వేళ్ల తోలు పల్చబడింది, తర్వాత ఎముక. చివరికి ఒక మూల వెలుగు దూరింది. వలయాలు, సాలీళ్లు, అన్నీ ఉన్నాయి. పేరు తెలియని ఆ మనిషి ఒంట్లో ఇంత పనితనం ఉందా అని చూస్తూ మార్కుల సంగతే మరిచాను. “చూసింది చాల్లే, బొమ్మ గియ్” అంది మేడమ్. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

ఇప్పుడా పాఠం నేనే చెబుతున్నాను. స్లైడ్లన్నీ కొన్నవే. ఎవరూ మోసం చేయరు, చేసే వీలూ లేదు. అయినా ప్రతి ఏడూ మైక్రోస్కోపు మీదికి వంగేటప్పుడు, కణాల్లేని ఎముక ఒక్కటైనా తగలకపోతుందా అని కాస్త ఆశగానే చూస్తాను.