ఏడవండమ్మా అన్న డాక్టరుగారు

మాది మొగల్తూరు. ఆరేళ్ళ క్రితం నా కడుపులో కవలలు. ఆరో నెలలో పాలకొల్లులో స్కానింగ్ చేస్తూ డాక్టరుగారు తెర మీద ఒకేచోట మళ్ళీ మళ్ళీ చూశారు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "ఒక బిడ్డ గుండె ఆగిపోయిందమ్మా. రెండో బిడ్డ బాగానే ఉంది" అన్నారు.

బయట కూర్చున్న మా అత్తయ్యగారు విషయం విని, "ఏడవకమ్మా, లోపలున్న బిడ్డకి మంచిది కాదు" అంటూ తనే కళ్ళు ఒత్తుకున్నారు. నేను బలవంతంగా ఆపుకున్నాను. మళ్ళీ డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"పోయిన బిడ్డని తీసెయ్యరా అండి?"

"ఇప్పుడు తీస్తే రెండో బిడ్డ కూడా దక్కదమ్మా. నెలలు నిండేవరకూ ఇద్దరినీ మొయ్యాలి. వారం వారం రండి, నేను చూస్తాను."

"ఏడిస్తే బిడ్డకేమైనా అవుతుందాండి?"

ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. "ఏమీ కాదు. ఏడవండమ్మా. తిండి మాత్రం మానకండి."

ఆవిడ బల్ల మీద తల పెట్టి భోరుమన్నాను. ఆ తర్వాత మూడు నెలలూ ఏడుస్తూనే అన్నం తిన్నాను.

పాప పుట్టింది. బాబుని మావారు తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. చూసే ధైర్యం నాకు లేకపోయింది. పాపకి మొన్ననే ఐదేళ్ళు నిండాయి. తనతోపాటు ఒక తమ్ముడో అన్నో ఉండేవాడని ఇంకా చెప్పలేదు.