విరుదునగర్‌లో నేను కుంటడం మరిచిపోయిన రోజు

మా నల్లరేగడి మట్టి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాడికి దువ్విన క్రాపు, జేబులో పెన్ను, ఠీవిగా ఒక నడక ఉంటే చాలు, ఇక లోకంతో పని లేదు. మొదటి రెండూ నాకుండేవి. మూడోదానికి పోలియో తిన్న ఎడమకాలు అడ్డం. అందుకని కోవిల్‌పట్టి బస్టాండు నుంచి కాలేజీ దాకా తొడను చేత్తో నొక్కిపట్టి, కుంటడం కనబడకుండా నడవడం ఏడాదిపాటు సాధన చేశాను. (చూసిన అమ్మాయి ఒక్కతీ లేదు, అది వేరే సంగతి.) అయితే కెమిస్ట్రీ ల్యాబు మూడో అంతస్తులో ఉండేది. మెట్ల దగ్గర నా ఠీవి చెల్లలేదు. ప్రాక్టికల్స్ తప్పితే పరీక్షకు కూర్చోనివ్వరు, పరీక్ష లేకపోతే సాత్తూరులో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీయే గతి.

నాలాంటి కాలేజీ పిల్లలకు సర్కారు ఆరోగ్య నిధి నుంచి ఇనుప పట్టీల బూటు ఉచితంగా ఇస్తారని, విరుదునగర్ పెద్దాసుపత్రిలో డాక్టర్లు సర్టిఫికేటు రాస్తే చాలని తెలిసి, మా అవ్వ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. కళ్ళద్దాల డాక్టరమ్మ తమిళంలో, నడిచి చూపించమంది. గదిలో నా ఈడు నర్సమ్మలు ఇద్దరున్నారు. అంతే, ఏడాది సాధన ఒక్కసారిగా పైకొచ్చి, కొత్త పెళ్ళికొడుకులా నడిచేశాను. డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. తరాలుగా తమిళనాడులో బతుకుతున్న మా తెలుగువాళ్ళకొక ధైర్యం ఉంది, ఇంటి తెలుగు గడప దాటితే ఎవరికీ అర్థం కాదని. అవ్వ ముఖాన నవ్వు చెదరకుండానే అందుకుంది. "ఏమిరా, ఇంట్లో గోడ పట్టుకోకుండా చెంబు ఎత్తలేవు, ఈడ జమీందారు మాదిరి నడుస్తాండావే. కుంటరా. ఈ కళ్ళద్దాలామెకి అట్ల చూపిస్తేనే తెలిసేది."

డాక్టరమ్మ తలెత్తకుండా, అచ్చం మా తెలుగులోనే, "కుంటొద్దులే అవ్వా. కళ్ళద్దాలామె మీ పక్కూరిదే. వాని చెప్పులు ఇట్ల పెట్టమను" అంది. కుడిది కొత్తదిలా ఉంది, ఎడమది నేలకు ఈడ్చి ఈడ్చి వేళ్ళ దగ్గర కాగితమైపోయింది. రెండింటినీ ఒకసారి చూసి సంతకం పెట్టేసింది. (తిరుగు బస్సులో సాత్తూరు దాకా అవ్వ నాతో తమిళంలోనే మాట్లాడింది. మా వంశంలో అది రికార్డు.) బూటు వచ్చిన రోజున టకటకమంటూ, ఎక్కడా ఆగకుండా మూడంతస్తులూ ఎక్కాను. ప్రాక్టికల్స్ చేశాను, పాసయ్యాను. ఇప్పుడు ఆ ల్యాబు తాళాలు నా దగ్గరే ఉంటాయి. సరే, ఒట్టేశాను కాబట్టి ఒప్పుకుంటాను. ఎక్కడా ఆగలేదన్నది నేను కల్పించిందే. రెండో అంతస్తు దాటాక కూర్చుండిపోయాను. కాలు బాగానే ఉంది, ఏడుపొచ్చి మెట్లు కనబడలేదు. ఆ సంగతి బయటపడకూడదని నాలో ఇంకా ఉన్న ఆ ఠీవి కుర్రాడు ఇన్నాళ్ళూ నాచేత అబద్ధమాడించాడు, పాపం.