గొల్లపల్లి పొలాల్లో నాన్న చూసిన పిట్టలు

ఈ రోజు పొద్దున బైనాక్యులర్స్ మెడలో వేసుకుని గొల్లపల్లి పొలాల వైపు వెళ్లాను. వరికోతలు అయిపోయాయి. కోసిన మళ్ల మీద మంచు ఇంకా విడలేదు. కుంటలో చలికాలపు బాతులు దిగాయి. చిన్నప్పుడు కోంటాలో మా కిరాణా కొట్టు తెరవకముందే నాన్న నన్ను స్కూటర్ మీద ఇక్కడికి తీసుకొచ్చేవారు. ఆయన పోయాక నేను రావడం ఇదే మొదలు.

గట్టు మీద కందికాయలు కోస్తున్న ఒక ముసలామె నన్ను చూసి పలకరించింది.

“ఏంది బిడ్డా, ఆ దూర్బీనుతో ఏం చూస్తున్నవ్?”

“పిట్టల్ని, అవ్వా.”

“ఎనకట కోంటా సేటు ఒకడు గిట్లనే వచ్చేటోడు. బుజం మీద చిన్న పిల్ల. పిట్ట కనబడితే చాలు, ఆ పిల్ల కేకేసేది. అన్నీ లేచిపోయేటివి. పాపం, ఆ సేటు ఒక్క పిట్టను కూడా సక్కగ చూడలే!”

ఆ పిల్ల నేనేనని చెబితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. నేను మాత్రం, నా వల్ల ఆయన సరదా అంతా పాడైందే అని ఇంటికొచ్చి అమ్మ దగ్గర బాధపడ్డాను.

“మీ నాయినకు పిట్టలేంది? కాకికీ కోకిలకూ తేడా తెల్వదు. నీ కేకలు వినేటందుకే పోయెటోరు” అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.

నేనేమో ఇన్నేళ్లూ ఆయనకు పిట్టలంటే ప్రాణమని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. మీ నాన్నలు మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లేవారో, అసలు ఎందుకు తీసుకెళ్లేవారో ఒకసారి మీ అమ్మను అడిగి చూడండి. ఏం చెప్పారో నాకూ రాయండి.