ఎలుకలకు పథ్యం

తప్పు నాదే. ఫార్మసీ కాలేజీలో విన్న పాఠాన్ని ఇంటికొచ్చి మా నాయన ముందర గొప్పలు పోతూ చెప్పినా. తిండిలో వేసే రంగు తాగించిన ఎలుకలకు నేల ఉసిరి రసం కూడా పోస్తే లివర్ కొంత తట్టుకుంటుందని ఆ పాఠం. ‘కొంత’ అనే మాట మింగేసినా.

మా నాయనది మార్కాపురం బస్టాండు దగ్గర చికెన్ పకోడీ బండి. ఎర్ర రంగు దండిగా వేసేవాడు. వాయి దించితే మొదటి ముక్క ఆయన నోట్లోకే. ఆ మధ్య రక్తపరీక్షలో లివర్ దెబ్బతింటోందని తేలింది. ఆ రంగు, ఆ నూనె మానకపోతే చెయ్యి దాటిపోతుందని డాక్టర్ గట్టిగానే చెప్పినాడు. ఈయన మానితేగా! అర్ధవీడులో మేకలు కాసుకునే మా అవ్వ చేత నేల ఉసిరి తెప్పించుకుని, పొద్దున పసరు తాగేది, సాయంత్రం పకోడీ తినేది.

“ఏంది నాయనా ఇది?” అంటే, “ఎలుకలు బతికినాయి గదా, నేను బతకనా?” అని నా పాఠం నాకే అప్పజెప్పినాడు. ఒళ్లు మండిపోయింది. నా నోటి దూల వల్ల మనిషినే పోగొట్టుకుంటానేమోనని ఏడ్చినా కూడా.

ఒకరోజు అవ్వ ఆకు మూటతో వచ్చింది. ఆమె దగ్గర పసరు తాగితే ఉప్పు, కారం, నూనె అన్నీ బంద్. వట్టి మజ్జిగన్నమే. నేను జరిగిందంతా చెప్పేసినా.

“మరి ఆ ఎలుకలకు పథ్యం పెట్టినారా?” అంది.

“లేదవ్వా. రంగూ వాళ్లే పోస్తారు, పసరూ వాళ్లే పోస్తారు. బోనులో ఉంటాయి గదా, అవేం చేస్తాయి?”

“అయ్యో పాపం!” అని కొడుకు వైపు తిరిగింది. “వాటినంటే బోనులో పెట్టినారు. నిన్నెవురు పెట్టినార్రా?”

అవ్వ మూట విప్పకుండానే తిరిగి తీసుకుపోయింది.

మర్నాడు బండి మీద రంగు డబ్బా కనపడలేదు. మొదటి ముక్క రుచి చూడమని నా చేతిలో పెట్టినాడు. పథ్యం నిలిచినాక అవ్వ మళ్లీ ఆకు పంపింది, డాక్టర్ను అడిగే తాగినాడు. తర్వాతి పరీక్షలో లివర్ కాస్త కుదుటపడింది. ఆకు వల్లో, రంగు మానడం వల్లో తెలియదు. కాలేజీ పరీక్షలో ఇట్ల రాస్తే సున్నా వేస్తారు. వేసుకోనీ, మా నాయన మొహం తేటపడింది, నాకదే చాలు.

మొన్న ఒకాయన ప్లేటు అందుకుని, “ఏందన్నా, పకోడీ తెల్లబోయింది? రంగు వేయలేదా?” అన్నాడు.

“బోనులో ఉన్నప్పుడు వేసేవాణ్ణిలే తమ్ముడూ,” అన్నాడు నాయన, చిల్లుల గరిటె తిప్పుతూ.

ఆ వచ్చినాయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తినేసి ఇంకో ప్లేటు అడిగినాడు.