షినాస్‌లో పెద్దమ్మ బాగానే ఉంది

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. నా చేతిలో పడితే ఈనుపుల్ల కరెంటు స్తంభమవుతుంది. నేను ఫోన్‌లో ఏం చెప్పినా మా ఆవిడ మనసులోనే పావు వంతుకు దించుకుని, అందులోనూ సగమే నమ్ముతుంది. మీరూ అలాగే దించుకుని చదవండి.

మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో ఒక పరిశోధనశాలలో నేను టెక్నీషియన్ని. పేరుకే టెక్నీషియన్. ఐస్ మోసేది నేను, పికప్ నడిపేది నేను, గాజు గొట్టాలు కడిగేది నేను. మా ఫ్రీజర్ ఎంత చల్లనిదంటే, తలుపు తీస్తే మాట నోట్లోనే గడ్డకట్టి టక్కున కిందపడుతుంది. దాంట్లో ఉన్నదంతా మా మేడమ్ ప్రాణం. మాది ఆర్మూరు వైపు, ఆవిడది నరసాపురం. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం పొద్దున చర్చికి వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ల్యాబ్‌కు వచ్చేసేది. ఏసుప్రభువు తర్వాత ఆవిడ నమ్మింది ఖర్జూరం చెట్టునే.

ఆవిడ పరిశోధన ఏమిటో ఒకసారి టీ తాగుతూ అడిగాను.

"ప్రతి ప్రాణి డీఎన్ఏలోనూ కొన్ని ముక్కలు ఉన్నచోట ఉండవండీ అన్నయ్యగారూ. లేచి వెళ్ళి ఇంకోచోట దూరతాయి. ఎక్కువ భాగం ఎప్పుడో దూరేసి, కదలడం మానేసి, అలా పడుంటాయంతే."

"పని చెయ్యవా?"

"చెయ్యవు."

"తీసెయ్యరా?"

"ఎవరు తీస్తారండీ? తరతరాలకీ అవీ కూడా వెళ్ళిపోతాయి."

"మన ఆఫీసు గురించా మేడమ్ చెబుతున్నారు?"

"మీ నోటికి తాళం వెయ్యాలండీ బాబూ," అని టీ ఒలికేలా నవ్వింది.

నవ్వు తగ్గాక అసలు సంగతి చెప్పింది. మరీ కష్టం వచ్చినప్పుడు, అంటే ఎండో ఉప్పో మీదపడినప్పుడు, నిద్రపోతున్న ఆ ముక్కలు కొన్ని లేచి దూకుతాయట. పడరాని చోట పడితే ప్రాణి చెడుతుంది. ఏ యుగానికో ఒకసారి మాత్రం మంచిచోట పడి, ఆ ప్రాణికి కొత్త బలం వస్తుంది. లక్షల ఏళ్ళుగా జీవులు మారుతూ వచ్చిన దారుల్లో ఇదొకటట. ఆ ముక్కలను దూకుతుండగానే పట్టుకోవాలని ఆవిడ ఆశ.

అందుకు దొరికిన చెట్టే షినాస్‌లోని ముసలి ఖర్జూరం. సముద్రం లోపలికి ఊరి ఊరి అక్కడి బావుల నీళ్ళు ఉప్పెక్కిపోయాయి. ఆ నీళ్ళతో టీ పెడితే ఉప్పుచేప పులుసు తాగినట్టుండేది. ఆ వరసలో చెట్లన్నీ ఎండిపోతుంటే అదొక్కటే నిలబడింది. మేడమ్ దానికి పెద్దమ్మ అని పేరు పెట్టి, మొదట్లో ఒకసారి వెళ్ళి రేకు బిళ్ళ కట్టించింది. ప్రతి కాపుకూ దాని లేత ఆకు తెచ్చి, పాత ఆకుతో పోల్చి, ఏ ముక్క ఎక్కడికి దూకిందో చూడాలి.

ఆకు కోసేది ఆ తోటలో పనిచేసే జగిత్యాల మామ. ఊళ్ళో తాటిచెట్లెక్కినవాడు, ఇక్కడ ఖర్జూరాలెక్కేవాడు. మగపూల పొడి ఆడపూలకు అద్దడం, గెలలు దింపడం అన్నీ ఆయన డ్యూటీయే. అర్బాబ్, అంటే తోట యజమాని, ఆ తర్వాత బయటివాళ్ళను లోపలికి రానిచ్చేవాడు కాదు. అందుకని మామే ఆకును ఐస్ పెట్టెలో పెట్టి గేటు దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు. వారం వారం మేడమ్ ఆయనకు ఫోన్ చేసేది.

"మా పెద్దమ్మ ఎలా ఉందండీ?"

"మంచిగుంది మేడమ్. ఫికర్ చెయ్యకుండ్రి."

కిందటేడు కంప్యూటర్‌లో ఫలితం వచ్చిన రోజు మేడమ్ వేసిన కేకకు మస్కట్ కొండల్లో మేకలన్నీ తలెత్తి చూసి ఉంటాయి. పెద్దమ్మలో ముక్కలు దూకాయి! పాత ఆకులో లేనిచోట్ల, కుప్పలుగా. అప్పటికే మా ల్యాబ్ పెద్దాయన తేల్చి చెప్పేశాడు, ఈ పని అచ్చయితే మేడమ్ ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదని. వ్యాసం రాయడం అయిపోయింది. ఇక దాంట్లో పెట్టడానికి పెద్దమ్మ ఫోటో ఒకటి కావాలి. అర్బాబ్‌ను బతిమాలి, జూలైలో ఇద్దరం బయల్దేరాం. ఆ ఎండకు దారిలో ఒంటె నీడ కూడా ఒంటె కిందకే దూరి పడుకుంది.

మామ మమ్మల్ని చూసి టీ పెట్టాడు. తాగాం. మళ్ళీ పెట్టాడు. బావి చూపించాడు, మోటారు చూపించాడు, మేకను చూపించాడు.

"చెట్టు చూపించండి," అంది మేడమ్.

రేకు బిళ్ళ ఉన్న చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. పచ్చగా, బలంగా ఉంది. నా తలకంటే కొంచెం ఎత్తు. మేడమ్ దాన్ని కిందనుంచి పైదాకా చూసింది. పైదాకా చూడడానికి మెడ ఎత్తే పనే లేకపోయింది.

"ఇది కాదు," అంది.

మామ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "సచ్చిపోయింది మేడమ్. రెండు కాపుల కిందనే. అర్బాబ్ కొట్టెయ్యమన్నడు, కొట్టేసినం."

"మరి బిళ్ళ?"

"పక్క చెట్టుకు కట్టిన. ఆకు గూడ దానిదే తెచ్చిచ్చిన."

"మామా, నీకేమన్న పుర్రె ఖరాబైందా?" అని నేను మీదికి లేచాను. "ఫోన్ల మంచిగుంది మంచిగుంది అంటివి కదనే!"

"మరేమనాల్నే? మా అక్క పోయినప్పుడు ఇంట్లోళ్ళు నాకు చెప్పిన్రా? మంచిగుంది, నువ్వు డ్యూటీ చేసుకో అన్నరు. ఊరికి పోయినంక చెప్పిన్రు. పరాయి దేశంల ఒంటిగ ఉన్న మనిషికి ఫోన్ల సావు చెప్తరా ఎవలన్న? ఆమె పెద్దమ్మా పెద్దమ్మా అని అడుగుతాంది. నాకు నోరు రాలే."

గల్ఫ్‌లో మా అందరి ఆనవాయితీ అదే. చావు కబురు ఫోన్‌లో చెప్పం. మా రూమ్‌లో ఎవరింట్లో ఏం జరిగినా అందరం తెలియనట్టే బిర్యానీ వండుకుంటాం. మామ మేడమ్‌ను మాలో ఒకరిగా లెక్కేశాడు, అంతే.

ఆ పక్క వరస చెట్లన్నీ ల్యాబ్‌లో గాజు సీసాల్లో మొలిపించి తెచ్చి నాటిన మొక్కలు. పెద్దమ్మ రకమే కాబట్టి మామూలు పరీక్షలో తేడా దొరకలేదు. సీసాలో పెరిగేటప్పుడు ఆ ముక్కలు చెదిరి దూకుతాయన్నది ఆ రంగంలో అందరికీ తెలిసిందేనట. మేడమ్ ఇన్నేళ్ళూ చాకిరీ చేసి కనిపెట్టింది అదే, అందరికీ తెలిసింది.

"ఎక్కడ ఉండేది?" అని అడిగింది. మామ చూపించాడు. మొద్దు కూడా లేదు, తవ్వి కాల్చేశారు. నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఆవిడ వంగి వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంది. ఇక్కడ పెంచి చెప్పడానికి నాకేమీ దొరకలేదు.

వెళ్ళేటప్పుడు మామను ఒక్క మాట అనలేదు. "టీ బాగుందండీ," అంది. ఆయన ఆ మాటకే ఏడ్చాడు. దారి పొడుగునా ఖాళీ ఐస్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వ్యాసాన్ని తనే చెరిపేసింది. నెల తిరక్కుండా నరసాపురం వెళ్ళిపోయింది. వేరే ఉద్యోగం వెతకడం లేదని ఆవిడ చెల్లెలు చెప్పింది. ఆ చెల్లెలు ఇక్కడే నర్సు. ఫ్రీజర్ వేరేవాళ్ళకు కావాలన్నారు. పెద్దమ్మ ఆకులన్నీ తీసి బయట పారేసింది నేనే. ఆ ఎండలో వాటి మంచు నీరు కావడానికి నేను చెయ్యి తుడుచుకునేంతసేపు కూడా పట్టలేదు.

అయితే అంతా పోలేదు. పెద్దమ్మ పడుచుదిగా ఉన్నప్పుడు దాని పిలక ఒకటి అర్బాబ్ చుట్టాలెవరో పట్టుకెళ్ళి సీబ్‌లో ఇంటి వెనక నాటారు. అచ్చం పెద్దమ్మే. నేను వెళ్ళి చూశాను, ఈసారి గెలలు కూడా వేసింది. మామకు ఫోన్ చేసి చెబితే, ఎన్ని గెలలేసిందని రెండుసార్లు అడిగాడు.

చివర్లో నిజం చెబుతానన్నట్టు మొహం పెట్టాను కాబట్టి చెబుతున్నాను. మేకలు తలెత్తాయో లేదో నాకు తెలియదు, ఒంటె మామూలుగానే నిలబడింది. అవి పెంచినవి, కల్పించినవి కావు. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే. సీబ్‌లో ఆ చెట్టు లేదు. పెద్దమ్మ పిలకలు ఎవరు పట్టుకెళ్ళారో, ఎక్కడ ఎండిపోయాయో ఎవరికీ తెలియదు.

నిన్న కూడా మామ ఫోన్ చేశాడు.

"సీబ్ల పిల్లచెట్టు ఎట్లుందే?"

"మంచిగుంది మామా," అన్నాను. "ఫికర్ చెయ్యకు."